ఇటాలియన్‌లో పస్సాతో ప్రోస్సిమో, ఇంపెర్ఫేత్తో: ఏది ఎక్కడ వాడాలి?

"చిన్నప్పుడు ప్రతి వేసవికీ అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాడిని" అన్న వాక్యానికి మీరు "సోనో అందాతో" (వెళ్ళాను) అనీ, "రోమ్‌లో మూడు నెలలు ఉన్నాను" అన్నదానికి "ఏరో" (ఉండేవాడిని) అనీ రాస్తే, రెండూ తప్పని మీ టీచరు దిద్దారని, ఎందుకో అర్థం కాలేదని అడిగారు. మొదటిది పస్సాతో ప్రోస్సిమో, రెండవది ఇంపెర్ఫేత్తో, ఇవి ఇటాలియన్‌లో రెండు భూతకాల రూపాలు. నేను నాలుగేళ్ళుగా ఉత్తర ఇటలీలోని పాదొవా నగరంలో ఉంటున్నాను. మొదటి ఏడాదంతా నన్నూ ఈ చిక్కే వేధించింది కాబట్టి, అది నాకు ఎలా విడిపోయిందో చెబుతాను.

ఆ ఏడాది చలికాలంలో గొంతు నొప్పి తగ్గక డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను. అంతకు ముందు ఏడు రోజులు యాంటీబయాటిక్ వేసుకున్నానని చెప్పాలి. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని "ప్రెందేవో లాంతిబియోతికో" అన్నాను. ఆవిడ రాస్తున్న కలం ఆపి, "మరి తరువాత మానేశారా?" అని అడిగారు. మానలేదని, కోర్సు పూర్తి చేశానని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఇంటికి వచ్చాక ఆ వాక్యాన్ని తెలుగులో రాసుకున్నప్పుడు విషయం తెలిసింది. నేను ఆవిడకు చెప్పింది "మందు వేసుకునేదాన్ని" అని. చెప్పవలసింది "ఏడు రోజులు మందు వేసుకున్నాను" అని, అంటే "ఓ ప్రేజో లాంతిబియోతికో పెర్ సేత్తె జోర్ని" అని.

ఇంగ్లీషులో ఒక్కసారి వెళ్ళినా, ఏటేటా వెళ్ళినా మామూలు భూతకాలం ఒక్కటే సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు, "వెళ్ళాను" వేరు, "వెళ్ళేవాడిని" వేరు. ఇటాలియన్‌లోనూ అంతే. జరిగి ముగిసిన పనికి పస్సాతో ప్రోస్సిమో, అలవాటుగా సాగినదానికి ఇంపెర్ఫేత్తో. అందుకే మీ మొదటి వాక్యానికి "అందావో" రావాలి. రెండవదానిలో మూడు నెలలన్నది ఎంత పొడవైన కాలమైనా, దానికి మొదలూ చివరా ఉన్నాయి, మీరు దాన్ని మొత్తంగా చూస్తున్నారు. కాబట్టి "సోనో స్తాతో ఆ రోమా పెర్ త్రె మేజి" అనాలి. ఎంతకాలం అన్నది లెక్కగా చెప్పారంటే దాదాపు ఎప్పుడూ పస్సాతో ప్రోస్సిమోయే వస్తుంది.

తెలుగు తోడ్పాటు ఇంకా లోతుగా ఉంది. "సపేవో" అంటే అప్పటికే నాకు తెలుసు, "ఓ సపూతో" అంటే నాకు తెలిసింది. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారికి ఈ జంటను ప్రత్యేకంగా బోధించాలి, మనకు "తెలుసు", "తెలిసింది" అన్న రెండు మాటలూ పుట్టుకతోనే ఉన్నాయి. "మి ఎ పియచూతా లా పీట్సా" అన్న వాక్యమూ అచ్చం "నాకు పిజ్జా నచ్చింది" లాంటిదే. నచ్చినది పిజ్జా కాబట్టి క్రియ దానితోనే కలుస్తుంది, పిజ్జా స్త్రీలింగం కాబట్టి చివర "తా" వచ్చింది. నచ్చినవి పుస్తకాలైతే "మి సోనో పియచూతి ఇ లీబ్రి" అవుతుంది.

అయితే తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది, మీరు అక్కడ ఎక్కువ జాగ్రత్త పడాలి. "నేను తలుపు తీసేసరికి వర్షం పడుతోంది" అంటాం. "పడుతోంది" అన్న రూపం ఇప్పటికీ అదే, అప్పటికీ అదే. ఆ ధోరణిలో "పియోవె" అని వర్తమానం వాడేస్తాం, కానీ ఇటాలియన్‌లో "క్వాందో ఓ అపేర్తో లా పోర్తా, పియొవేవా" అని తీరాలి. క్రియే లేని తెలుగు వాక్యాలదీ ఇదే సంగతి. "అప్పుడు నాకు పదేళ్ళు" అన్నప్పుడు మనకు క్రియ అక్కర్లేదు, వాళ్ళకు "అవేవో ద్యేచి అన్ని" అని ఇంపెర్ఫేత్తో కావాలి. వయసు, వాతావరణం, ఆకలి, అప్పటి మనసు, ఇవన్నీ కథ వెనుక పరచిన నేపథ్యం, వీటికి ఆ రూపమే నప్పుతుంది.

లింగం విషయంలో రెండు భాషలూ తలకిందులుగా ఉంటాయి. "వెళ్ళాను" అని మగవారూ ఆడవారూ ఒకేలా అంటారు, ఇటాలియన్‌లో మీరు "సోనో అందాతో" అంటే నేను "సోనో అందాతా" అనాలి. అలవాటు రూపంలో మనకు "వెళ్ళేవాడిని", "వెళ్ళేదాన్ని" అన్న తేడా ఉంది, వాళ్ళకు ఇద్దరికీ "అందావో" ఒక్కటే. ఇది గమనించిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది.

పస్సాతో ప్రోస్సిమోలో ముందు వచ్చే సహాయక క్రియ "ఎస్సెరె" ("సోనో", "ఎ" దాని రూపాలు) కావాలా, "అవేరె" ("ఓ" దాని రూపం) కావాలా అన్న ఎంపికకు మాత్రం తెలుగు పనికిరాదు. వెళ్ళడం, రావడం, పుట్టడం, చనిపోవడం వంటి క్రియలకూ, "మి సోనో లవాతా" (ఒళ్ళు కడుక్కున్నాను) లాంటి ఆత్మార్థక క్రియలకూ "ఎస్సెరె" వస్తుంది. కదలిక ఉన్న ప్రతి క్రియా ఇందులో చేరదు, నడవడానికి "ఓ కమ్మినాతో" అనే అంటారు. వీటిని కంఠతా పట్టడమే మేలు.

పుస్తకాలలో "దాంతే నాక్వె ఆ ఫిరేంజె నెల్ 1265" (దాంతే 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు) అని కనిపించే పస్సాతో రెమోతో అనే మరో భూతకాల రూపాన్ని ఇప్పుడు గుర్తుపట్టగలిగితే చాలు. సిసిలీలోనూ, దక్షిణాదిలో చాలాచోట్లా మాటల్లో వినిపిస్తుంది కానీ, ఇక్కడ పాదొవాలో నా ఇరుగుపొరుగువారు పాత సంగతులకూ పస్సాతో ప్రోస్సిమోయే వాడతారు. ముందుగా మీ నోట్సులోని పది వాక్యాలను తెలుగులోకి మార్చి, "-ఆను" వచ్చినవి ఒకవైపు, "-ఏవాడిని" వచ్చినవి ఇంకొకవైపు రాసి, "-తున్నాను" వచ్చినవాటినీ క్రియ లేనివాటినీ విడిగా గీత గీసి పెట్టుకోండి. ఆ గీత కింద ఉన్నవాటిని మీ టీచరుగారితో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.