'ఉండు' అనే మాట దగ్గర ఆగి రాయి

తమ్ముడూ,

ఫ్రెంచి గాయని, నటి షార్లొట్ గేన్స్‌బూర్ 'రెస్ట్' ఆల్బమ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తొమ్మిది వందల మాటల్లో 'హృదయం' ఏడుసార్లు, 'ఆర్ద్రత' నాలుగుసార్లు దొర్లాయి. పాట చెవికి ఎలా తగులుతుందో చెప్పిన వాక్యం మాత్రం ఒక్కటే. అదీ "ఎలక్ట్రానిక్ సంగీతం నేపథ్యంగా సాగుతుంది" అని. ఈ ఆల్బమ్‌లో ఆ సంగీతం నేపథ్యం కాదురా. గొంతు చెప్పలేక వదిలేసినదాన్ని యంత్రం చెబుతోంది. నీ వ్యాసానికి ఇరుసు అదే కావాలి.

ముందు కోతలు. జీవిత చరిత్ర రెండు పేరాలూ కొట్టేయి. 'యాంటీక్రైస్ట్' సినిమాకి 2009లో కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి అవార్డు వచ్చిందన్న సంగతి ఇక్కడ పనికిరాదు. ఫ్రాన్సు అనగానే యానాం గుర్తొచ్చి ఒక పేరా రాశావు చూడు, అదీ వద్దు. పాఠకుడికి కావలసింది ఇంతే: తల్లి జేన్ బర్కిన్ ఇంగ్లీషావిడ, తండ్రి సెర్జ్ గేన్స్‌బూర్ ఫ్రెంచి పాటకి కొత్త నడక నేర్పినవాడు, 1991 మార్చిలో పోయాడు. 1986లో కూతురి మొదటి ఆల్బమ్ తండ్రే రాశాడు. తర్వాత '5:55' (2006)కి ఎయిర్ అనే ఫ్రెంచి సంగీత జంట బాణీలు కట్టింది, 'ఐఆర్ఎమ్' (2009)కి అమెరికా సంగీతకారుడు బెక్ దన్నుగా నిలిచాడు. 2017 నవంబరులో వచ్చిన 'రెస్ట్'లో పాటల్లో చాలావరకు తన మాటలే. అప్పటికి ఆమెకి నలభై ఆరేళ్లు. ఆ వయసుకి సొంత మాట దొరికిందన్నదే వార్త. ఐదు వాక్యాల్లో చెప్పి ముందుకు నడువు.

పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాయకు. నువ్వు రాసిన 'గెయిన్స్‌బర్గ్' తప్పు, చివరి గ పలకదు. ఫ్రెంచివాళ్లు మాట్లాడే ఇంటర్వ్యూ ఒకటి పెట్టుకుని, పేరు పలికినచోట మూడుసార్లు వెనక్కి తిప్పి విని, చెవికి వినపడిందే తెలుగులో రాయి. వ్యాసమంతా అదే రూపం వాడు. ఒకచోట ఒకలా మరోచోట ఇంకోలా రాస్తే ఇద్దరు మనుషులనుకుంటారు.

ఇక వినడం. నువ్వు ఫోను స్పీకరు మీద విన్నావని వ్యాసమే చెబుతోంది, ఎందుకంటే బేస్ గురించి ఒక్క ముక్క లేదు. ఫోను స్పీకరు కింది స్వరాలను దాదాపు వినిపించదు. కిక్ డ్రమ్ ఒంట్లో తగిలేదంతా అక్కడే ఉంటుంది, ఫోనులో దాని 'టక్' మాత్రం మిగులుతుంది. ఒకే డబ్బాలాంటి బ్లూటూత్ స్పీకరు కూడా వద్దు, కుడి ఎడమలు కలిపేస్తుంది. మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు. బేస్ బూస్ట్, ఈక్వలైజరు, ఏమున్నా ఆపేయి.

నాలుగుసార్లు విను, ఒకే రోజు కాదు. మొదటిసారి పెన్ను ముట్టకు, పదకొండు పాటలూ వరసగా పోనీ. రెండోసారి నిమిషాలు, సెకన్లు వేసి ఏం జరిగిందో మాత్రమే రాయి: బేస్ ఆగింది, గొంతు ఇంగ్లీషులోకి మారింది, వయొలిన్లు దిగాయి, ఇలా. 'బాధగా ఉంది' అని ఆ కాగితం మీద పడకూడదు. మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకుని విను. నాలుగోసారి బయట నడుస్తూ విను. ఎందుకో కింద చెప్తాను.

వేగం లెక్కపెట్టు. గడియారం చూస్తూ పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కేసి నాలుగుతో గుణించు. ముప్పై పడితే నిమిషానికి 120. డిస్కో మామూలుగా 110కీ 130కీ మధ్య ఉంటుంది. చురుగ్గా నడిచే మనిషి అడుగులూ దాదాపు అంతే. ఇప్పుడు చివరి పాట 'లేజ్ ఓక్సాలీస్' పెట్టు. ఆ పాటలో ఆమె శ్మశానంలో సమాధుల మధ్యగా, చనిపోయిన అక్క కేట్ దగ్గరికి వెళ్తోంది. వెనక డిస్కో. అది చూసి నువ్వు "విషయానికి, సంగీతానికి పొంతన లేదు" అని రాశావు. పొంతన నడకలో ఉంది తమ్ముడూ. ఏడుస్తూ కూర్చోలేదు, నడుస్తోంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోడ్డు మీద నడిస్తే నీ కాళ్లే నీకు చెబుతాయి. అన్నట్టు ఆ పేరును 'ఒక ఫ్రెంచి పువ్వు' అని వదిలేశావు. ఓక్సాలీస్ అంటే మన పెరట్లో, కుండీల అంచుల్లో పాకే పులిచింత ఉన్న జాతే. ఎవరూ నాటకుండా మొలిచే ఆ పుల్లటి ఆకు మన పాఠకుడు చిన్నప్పుడు నమిలే ఉంటాడు. 'పులిచింత' అని రాస్తే సమాధి రాళ్లూ కనపడతాయి. ఆ పాట చివర, అంతా అయిపోయిందనుకున్నాక, ఒక చిన్నపిల్ల గొంతు వస్తుంది. దాని గురించి ఒక్క వాక్యం రాయి, వివరించకు.

నిర్మాత సెబాస్తియాఁని 'డీజే' అన్నావు. ఎడ్ బ్యాంగర్ అనే పారిస్ రికార్డు సంస్థ నుంచి వచ్చినవాడు. 2011లో వచ్చిన అతని 'టోటల్' వింటే తెలుస్తుంది, చప్పుడును నరికి నరికి అతికిస్తాడు. అలాంటి మొరటు చేతికి ఇంత సన్నని గొంతు దొరికింది. ఈ జోడీ ఎలా కుదిరిందో వర్ణించు. ఇద్దరూ రాజీ పడలేదు. సింథ్, అంటే స్వరాలు పుట్టించే యంత్రం, గోడలా నిలబడుతుంది, గొంతు ఆ గోడకి ఇవతల, మన చెవి పక్కన ఉంటుంది. మైకుకు బాగా దగ్గరగా మెల్లగా పాడితే రెండు జరుగుతాయి: గొంతులో కింది స్వరం బరువెక్కుతుంది, చప్పుళ్ల హెచ్చుతగ్గులు తగ్గించే కంప్రెసరు చిన్న చప్పుళ్లను పైకి లాగి ఊపిరిని కూడా మాటంత పెద్దది చేస్తుంది. అందుకే గుసగుస అంత భారీ సంగీతంలోనూ మునిగిపోదు. అయితే స్టూడియోలో మనం లేం కదా, "మైకు ఇంత దూరంలో పెట్టారు" అని రాయకు. ఎలా వినిపిస్తోందో రాయి. యంత్రం ఊపిరి తీసుకోదు, అలసిపోదు. ఆమె ప్రతి వాక్యానికీ తీసుకుంటుంది. ఊపిరి ఎక్కడెక్కడ వినపడిందో ఒక పాటలో గుర్తు పెట్టుకుని చూడు, నీ 'ఆర్ద్రత' నాలుగుసార్లూ అవసరం పడదు.

భాష దగ్గర నువ్వు చేసిన తప్పులు కొంచెం పెద్దవి. చాలా పాటల్లో చరణాలు ఫ్రెంచి, పల్లవి ఇంగ్లీషు. దాన్ని "రెండు భాషల అందమైన మేళవింపు" అని తేల్చేశావు. ఏ మాట ఏ భాషలో పెట్టిందో పట్టిక వెయ్యి. గాయం గురించిన వివరాలు ఫ్రెంచిలో, మళ్లీ మళ్లీ అనుకోదగ్గవి ఇంగ్లీషులో కనపడతాయి. తండ్రి ఏలిన భాషలో నేరుగా నిలబడి, కొంతసేపయ్యాక తల్లి భాషలోకి తప్పుకుంటోందని నా చెవికి అనిపిస్తుంది. నీకు వేరేగా అనిపిస్తే అదే రాయి, కానీ పట్టిక వేశాక.

'కేట్' పాటకి నువ్వు యంత్రానువాదం వాడినట్టున్నావు. చనిపోయిన అక్కని 'మీరు' అని పిలిపించావు. ఫ్రెంచిలో తు, వూ అని రెండున్నాయి, మన నువ్వు, మీరు లాగే. మధ్యలో ఇంగ్లీషు మీదుగా తిప్పితే ఆ తేడా పోతుంది. నేరుగా ఫ్రెంచి నుంచి చూసుకో, లేదా ఫ్రెంచి వచ్చిన వాళ్ల చేత వాక్యం వాక్యం చెప్పించుకో. ఇంకా ఘోరం, కేట్ బ్యారీని 'సవతి అక్క' అన్నావు. ఇద్దరికీ తల్లి ఒకరే. కేట్ తండ్రి సంగీత దర్శకుడు జాన్ బ్యారీ. సవతి అనగానే తెలుగులో పోరు వినపడుతుంది. 'అక్క' అను. తండ్రులు వేరన్నది చెప్పాల్సి వస్తే ఒక్కసారి చెప్పు. ఆమె ఫోటోగ్రాఫరు, 2013 డిసెంబరులో పారిస్‌లో మరణించింది. అంతవరకే రాయి, ఎలా అన్నదాని జోలికి పోకు. ఆ పాటకు అది అక్కర్లేదు.

ఆల్బమ్ అంతటికీ 'విరహం' అని పేరు పెట్టావు. విరహంలో అవతలి మనిషి ఎక్కడో బతికే ఉంటాడు, వస్తాడన్న ఆశ ఉంటుంది. ఇక్కడ రారు. 'బెంగ' అను, పిల్లలు తల్లి కోసం పెట్టుకునేది. తండ్రి మృతదేహం పక్కన నిలిచిన పాట 'లైయింగ్ విత్ యూ'కి అది సరిపోతుంది. అక్క పాటకి 'వెలితి' నప్పుతుంది. ఒక్కో పాటకి ఒక్కో మాట వెతుక్కో.

ఫ్రెంచిలో 'తు మ మాంక్' అంటారు. ఇంగ్లీషులో 'ఐ మిస్ యూ' అన్నప్పుడు కర్త నేను. ఫ్రెంచిలో కర్త నువ్వు, లోటు పడింది నాకు. తెలుగులో 'నువ్వు గుర్తొస్తున్నావు' అంటాం, అచ్చం అదే అమరిక. అందుకే ఫ్రెంచిని ఇంగ్లీషు మీదుగా తెచ్చుకుని 'నిన్ను మిస్ అవుతున్నాను' అని రాస్తే రెండు భాషలకీ నష్టం చేసినట్టే.

'డెడ్లీ వేలంటైన్' ఒక్కటే పచ్చి ప్రేమ పాటని సరిగ్గానే పట్టావు. అందులో ఇంగ్లీషు క్రైస్తవ పెళ్లి ప్రమాణాల మాటలు వస్తాయి. నువ్వు వాటిని 'ధర్మేచ అర్థేచ' దాకా లాగావు. మన చర్చిల్లో ఆ ప్రమాణం ఎప్పటినుంచో తెలుగులో చెప్పిస్తున్నారు, కలిమి, లేమి, వ్యాధి, మరణం అన్నీ ఉంటాయి. దగ్గర్లో ఉన్న పాస్టరుగారిని అడిగి ఆ పాఠం రాసుకో, ఆ ధోరణిలోనే అనువదించు. వీడియో చూశావా? షార్లొట్టే దర్శకత్వం చేసింది, సంగీతకారుడు డెవ్ హైన్స్‌తో జంటగా చిన్నతనం నుంచి ముసలితనం దాకా పరుగు. ప్రమాణంలోని చివరి మాట ఆ డిస్కో కింద ఎలా పొంచి ఉందో అందులో తెలుస్తుంది. పేరులో 'డెడ్లీ' ఊరికే పెట్టలేదు.

'సాంగ్‌బర్డ్ ఇన్ ఎ కేజ్' బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ రాసిచ్చింది. నువ్వు దానికే అందరికంటే ఎక్కువ చోటిచ్చావు, పెద్ద పేరు కదా! బాగానే ఉంటుంది, కానీ ఈ ఇంట్లో చుట్టంలా ఉంటుంది. రెండు వాక్యాలు చాలు.

మిగిలిన చోటు 'రెస్ట్' పాటకి ఇవ్వు. దానికి డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి ఎలక్ట్రానిక్ సంగీత జంటలో ఒకడైన గీ-మాన్యుయెల్ తోడయ్యాడు. ఆ పేరును నువ్వు 'విశ్రాంతి' అన్నావు. సగమే సరి. ఇంగ్లీషులో అది సమాధి రాతి మీది మాట. ఫ్రెంచి చెవికి అదే ధ్వనిలో 'రెస్త్' వినపడుతుంది, అంటే 'ఉండిపో'. పోయినవాళ్లకి శాంతి కోరుతున్న మాటే వాళ్లని వెళ్లొద్దంటోంది. పాటలో పెద్ద హంగేమీ లేదు, సింథ్ ఒకటే మలుపులో తిరుగుతూ ఉంటుంది, ముందుకు పోదు. అది కూడా 'ఉండు' అనడమే. మన భాషలో ఒక ఆధారం ఉంది, వాడుకో: ఫోను పెట్టేసేముందు, ఉత్తరం ముగించేముందు మనం 'ఉంటాను' అంటాం. వెళ్తున్నప్పుడే అంటాం. దీన్ని వ్యాసం చివర పెట్టి మెరిపించాలని చూడకు, నడుమ పెట్టు, అడుగు పేరా మామూలుగా ఉండనీ.

పాటల పంక్తులు ఒకటి రెండు మించి ఎత్తిరాయకు, మొత్తం అనువాదం అసలే వద్దు, హక్కులు వాళ్లవి. ఏడు వందల మాటలకి దించు. మూడు పాటల్ని దగ్గర్నుంచి చూపించు, మిగతావి దారిలో పలకరించు. పదకొండూ వరసగా చెబితే జాబితా అవుతుంది. 2018లో ఆమెకి ఫ్రాన్సు సంగీత పురస్కారాలైన విక్తువార్ ద లా మ్యూజీక్‌లో ఉత్తమ గాయని పురస్కారం వచ్చిన సంగతి చివర ఊరేగింపులా పెట్టావు, అవసరమైతే పైకి తెచ్చి జీవిత వివరాల్లో కలిపెయ్యి.

పట్టిక, సెకన్లు వేసిన కాగితం కూడా వ్యాసంతోపాటు పంపు. ముందు అవే చూస్తాను.

ఉంటాను.