ఇద్దరికిచ్చిన గది, హాల్లో ఊసరవెల్లి

ప్రశ్న: నల్లకుంటలో మాది రెండు పడకగదుల ఫ్లాటు. మావారికి 68 ఏళ్లు, నాకు 62. పెద్దబ్బాయికి నాలుగేళ్ల క్రితం పెళ్లయింది. మూడేళ్ల మనవడున్నాడు, కోడలికి ఇప్పుడు మళ్లీ ఐదో నెల. రెండో కాన్పు కాబట్టి పురుడు మా ఇంట్లోనే. చిన్నబ్బాయికి 28 ఏళ్లు, గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు ఉద్యోగం. అన్న పెళ్లయిన నాటి నుంచి హాల్లో దివాన్ మీదే నిద్రపోతున్నాడు. ఒక్క ఏడాది ఓర్చుకుంటే అన్నయ్య వేరే ఇల్లు చూసుకుంటాడని వాడికి చెప్పాను. సంబంధం మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆ గది ఎప్పటికీ పెద్దవాడిదేనని వియ్యాలవారికి చెప్పాం. ఐదు నెలల క్రితం చిన్నవాడు ఒక ఊసరవెల్లిని కొనుక్కొచ్చి, టీవీ పక్కన నాలుగడుగుల జాలీ పంజరంలో పెట్టాడు. తలమీద ఎత్తైన శిఖ ఉంటుంది. యెమెన్ దేశపు జాతి అంటాడు. దానికి తిండిగా తెచ్చిన కీచురాళ్ల డబ్బాలు దివాన్ కింద ఉంటాయి. ఒక కీచురాయి తప్పించుకొని దేవుడి గదిలో దూరి రాత్రంతా అరిచింది. వాడు పగలు నిద్రపోతాడు కనుక దానికి మూడు పూటలా నీళ్లు చల్లేది నేనే. చుట్టాలు వస్తే అది నల్లగా మారిపోతుంది. ‘రంగులు మార్చేవాళ్లు ఈ ఇంట్లో చాలరనా?’ అని మావారు విసుక్కుంటారు, బాల్కనీలో పెట్టమంటారు. పెద్దవాడు ఏదో ఒక రాత్రి కేబీఆర్ పార్కులో వదిలేసి వస్తానంటున్నాడు. ‘వదినకు ఇష్టం లేదురా’ అని నేను అన్నాక చిన్నవాడు వదినతో మాటలు మానేశాడు. ఊసరవెల్లి ఇంట్లో ఉంటే అరిష్టమా? శాంతి చేయించాలా? వాడి మనసు నొప్పించకుండా దాన్ని ఎలా పంపించాలి?

జవాబు: అరిష్టం సంగతికి ఎక్కువ సమయం అక్కర్లేదమ్మా. పంచాంగం వెనక పేజీల్లో ఉండే బల్లిపాటు, తొండపాటు ఫలితాలు అవి మనిషి ఒంటిమీద పడితే ఏమవుతుందో చెబుతాయి గాని, జాలీ పంజరంలో కొమ్మ పట్టుకొని కూర్చున్న జీవి గురించి ఏమీ చెప్పవు. శాంతికి పెట్టదలచిన డబ్బును పురిటి ఖర్చులకు ఉంచుకోండి.

అయితే ఆ పంజరం మీ హాల్లో ఉండకూడదనే నేనూ అంటాను. నా కారణాలు వేరు. పాకే జంతువుల ఒంట్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి సాధారణంగా ఉంటుంది. దానివల్ల వాటికి ఏ జబ్బూ కనిపించదు, మనకు మాత్రం వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటిన పెద్దలు ఇటువంటి జంతువులకు దూరంగా ఉండాలని వైద్యులు చెప్పేది అందుకే. మీ ఇంట్లో ఆ మూడు రకాల మనుషులూ ఉన్నారు, నాలుగు నెలల్లో పసిగుడ్డు కూడా వస్తుంది. పంజరంలోని గిన్నెలను వంటింటి సింకులో కడుగుతున్నట్లయితే ఈ రోజుతో మానేయండి, దాన్ని గాని పంజరాన్ని గాని ముట్టుకున్నవారెవరైనా సబ్బుతో చేతులు కడుక్కోకుండా మనవడిని ఎత్తుకోకూడదు.

ఆ ప్రాణికి కూడా మీ హాలు సుఖంగా లేదు. ఊసరవెల్లి చుట్టూ ఉన్న వస్తువుల రంగులోకి మారిపోతుందని మనం చిన్నప్పటి నుంచి అనుకుంటాం గాని, దాని రంగు ప్రధానంగా ఒంటి వేడినీ, లోపలి బెదురునూ, తోటి జీవులకు అది చెప్పదలచిన సంగతినీ బట్టి మారుతుంది. చుట్టాలు రాగానే నల్లబడటం శకునం కాదు, అది బెదిరిపోతున్నదని అర్థం. గిన్నెలో పెట్టిన నీళ్లు అది తాగదు, ఆకుల మీద నిలిచిన చుక్కలను నాకుతుంది కనుకనే మీ చేత ఆ నీళ్లు చల్లించడం. ఎముకలు మెత్తబడకుండా పగలంతా ప్రత్యేకమైన దీపం వెలగాలి, రాత్రి పూర్తిగా చీకటి ఉండాలి. అది ఒంటరి జీవి కాబట్టి మనుషుల రాకపోకలకు దూరంగా ఉంచాలి. టీవీ పక్కన, మూడేళ్ల పిల్లవాడు పరుగులు తీసే చోట, వీటిలో ఏది కుదురుతుంది?

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి చూడండి. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషికి పగలు చీకటి కావాలి. ఆ పగలంతా అతని దివాన్ దగ్గరే దీపం వెలుగుతుంటుంది, టీవీ మోగుతుంటుంది, కుక్కరు కూస్తుంటుంది. నాలుగేళ్లుగా ఒక సంపాదించే మగపిల్లవాడు తలుపు లేని చోట నిద్రపోతున్నాడు. మీ ఉత్తరంలో ఊసరవెల్లి గురించి పది వాక్యాలు ఉన్నాయి, ఈ విషయం మీద ఒక్కటే ఉంది.

ఇంట్లో ప్రతివారికీ పరిష్కారం ఒకటి ఉన్నట్లుంది, వాటినీ చెప్పి ముందుకు వెళ్తాను. మీ బాల్కనీ పడమటి ముఖమైతే, మే నెలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఆ పంజరాన్ని అక్కడ పెట్టడమంటే దాన్ని కాల్చడమే. కేబీఆర్ పార్కు ఒక జాతీయ వనం. పరాయి దేశపు ప్రాణిని అక్కడ వదలడం నేరం, దానికీ బతుకు ఉండదు, మీ పెద్దబ్బాయికి గట్టిగా చెప్పండి. మన పొలాల్లో, తోటల్లో కనిపించే ఊసరవెల్లి అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంట్లో ఉంచుకోనే కూడదు. యెమెన్ జాతిది అయితే, ఆ చట్టానికి 2022లో జరిగిన సవరణను అనుసరించి 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నమోదు జరిగిందో లేదో మీ చిన్నబ్బాయిని అడగండి. జరగకపోతే సైఫాబాద్‌లోని అటవీ శాఖ కార్యాలయం అరణ్య భవన్‌కు వెళ్లి కనుక్కొని రావలసింది అతనే, మీరు గాని మీవారు గాని కాదు.

మీరు నన్ను అడగనిదే ఈ ఉత్తరంలో అసలు సంగతి. ఒకే గదిని మీరు ఇద్దరికి ఇచ్చారు.

నృగ మహారాజు కథ మీకు తెలిసే ఉంటుంది. మహాదాత ఆయన. దానమిచ్చిన ఆవు ఒకటి దారితప్పి తిరిగి వచ్చి ఆయన మందలోనే కలిసిపోతే, తెలియక దాన్ని మరొక విప్రునికి దానమిచ్చాడు. ఇద్దరూ నాదంటే నాదని వాదులాడుకుంటూ ఆయన ముందుకు వచ్చారు. ఆ ఒక్క ఆవును వదులుకుంటే లక్ష ఆవులు ఇస్తానన్నాడు, ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆ దోషానికే ఆయన ఊసరవెల్లి అయి నీళ్లు లేని బావిలో పడి ఉండి, ద్వాపరంలో కృష్ణుని చెయ్యి తగిలేదాకా ఎదురుచూశాడు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా ఇంత చిన్న పొరపాటుకు అంత శిక్షా అని నాకు అనిపించేది. ఇన్నేళ్లుగా ఇలాంటి ఉత్తరాలు చదువుతున్న తరువాత అలా అనిపించడం లేదు. నృగుడు తెలియక ఇచ్చాడు. మీరు తెలిసి, ఒకరికి చెప్పింది మరొకరికి తెలియకుండా చూసుకుంటూ ఇచ్చారు.

అప్పటి నుంచి మీరూ లక్ష ఆవులు ఇస్తూనే ఉన్నారు. చిన్నవాడికి గది ఇవ్వలేకపోయారు కనుక అతడు ఏది తెచ్చి హాల్లో పెట్టినా కాదనలేకపోయారు. దేవుడి గదిలో కీచురాయి అరిచినా సహించి, మూడు పూటలా నీళ్లు చల్లుతున్నారు. ఇది ప్రేమ కాదనను, కాని ఇందులో సగం బాకీ తీర్చుకోవడమే, ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ పంజరం నాలుగడుగుల ఎత్తు ఉన్నదంటే, నాలుగేళ్లలో ఆ ఇంట్లో అతడు తనదని చెప్పుకోగలిగిన చోటు అంతే అన్నమాట. దాన్ని కూడా తీయమని చెప్పవలసి వచ్చేసరికి మీకు నోరు రాలేదు. ‘వదినకు ఇష్టం లేదురా’ అన్నారు.

ఇక్కడే నాకు కోపం వచ్చింది, దాచుకోను. మీ కోడలు ఏమన్నదో మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు, అంటే ఆమె ఏమీ అనలేదన్నమాట. కడుపుతో ఉన్న పిల్ల, పసివాడిని సముదాయించుకుంటూ, కీచురాళ్ల డబ్బాలు దాటుకుంటూ వంటింట్లోకి వెళ్లి వస్తున్నది. ఆమెను అడ్డం పెట్టుకొని మీరు మంచి తల్లిగా మిగిలిపోయారు, మరిది ముందు ఆమె గయ్యాళి అయింది. ‘నాకే ఇష్టం లేదురా, నాకు చేతకావడం లేదు’ అని అనడానికి 62 ఏళ్ల వయసులో మీకు ఎవరి అనుమతి కావాలి? మీవారు విసుగులో అన్న మాట మీకు బాధ కలిగించింది కనుకనే నాకు రాశారనుకుంటాను. ఆయన ఎవరిని ఉద్దేశించి అన్నారో నాకు తెలియదు, అది తగిలింది మాత్రం మీకే.

అందువల్ల దాన్ని పంపించే ఉపాయం నేను చెప్పను. ముందుగా మీ కోడలి దగ్గర కూర్చొని, ఆమె పేరు వాడుకున్నానని ఒప్పుకోండి. అత్తగారు కోడలికి అటువంటి మాట చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు, అయినా చెప్పండి. తరువాత ఒక ఆదివారం కొడుకులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పెద్దవాడి పెళ్లినాడు ఎవరికి ఏమి చెప్పారో వాళ్లిద్దరూ ఒకేసారి వినేలా చెప్పండి. ఒకరి తరువాత ఒకరికి విడివిడిగా చెప్పవద్దు, అలా చెప్పడంతోనే ఇదంతా మొదలైంది. రెండో బిడ్డ పుట్టబోతున్న ఆ కాపురాన్ని ఇప్పుడు కదిలించడం కుదరదు కాబట్టి గది పెద్దవాడిదేనని, ఈసారి ఏడాది గడువు ఏదీ పెట్టకుండా, చిన్నవాడికి తేల్చి చెప్పండి. అతడు అరవవచ్చు, నాలుగు రోజులు అన్నం మానేయవచ్చు. నాలుగేళ్ల కిందట రావలసిన కోపం అది, రానివ్వండి.

ఆ మాటతో పాటే, విడిగా ఒక గది అద్దెకు తీసుకొమ్మని మీరే చెప్పండి. నల్లకుంట నుంచి గచ్చిబౌలికి రోజూ అంత దూరం పోయి రావడం కంటే ఆఫీసుకు దగ్గరలో ఉంటే అతడికి నిద్రైనా దక్కుతుంది, ఆ ప్రాణికి మనుషుల అలికిడి లేని ఒక మూల దొరుకుతుంది. సరిగ్గా చూసుకుంటే అది 5 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది, కాబట్టి పెళ్లయ్యాక చూద్దాంలే అనుకోవడం కుదరదు. దీపాలకూ పంజరానికీ జీతంలోంచి ఖర్చు పెట్టగలిగినవాడు అద్దె కట్టగలడు. పెళ్లికాని కొడుకు వేరే ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనని మీకు అనిపిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండిన వాడు అమ్మ చేత పురుగులకూ ఊసరవెల్లికీ చాకిరీ చేయించుకుంటూ దివాన్ మీద అలిగి పడుకోవడంలో ఏ గౌరవమూ నాకు కనిపించదు. వెళ్లమనడం వెళ్లగొట్టడం కాదు. ఆదివారం భోజనానికి రమ్మనండి, వదిన చేత కాకుండా మీరే వడ్డించండి.

ఇల్లు దొరికేదాకా పంజరాన్ని మీ పడకగదిలో కిటికీ దగ్గరికి మార్చి, మనవడు రాకుండా తలుపు వేసి ఉంచండి. పగలు చిన్నవాడు కూడా ఆ గదిలోనే, దీపం వెలుగు పడకుండా కళ్లకు గుడ్డ కట్టుకొని పడుకుంటాడు. మీరూ మీవారూ మధ్యాహ్నపు కునుకు హాల్లో తీయండి, 65 దాటిన మీవారు రాత్రి కూడా దివాన్ మీదే పడుకోవాలి. మీవారికి ఇది నచ్చకపోవచ్చు, కొన్ని వారాలే కదా. నీళ్లు చల్లే ఆ సీసాను మాత్రం రేపటి నుంచి మీరు ముట్టుకోవద్దు. పొద్దున షిఫ్టు నుంచి వచ్చాక పడుకోబోయే ముందు ఒకసారి, మధ్యాహ్నం అలారం పెట్టుకొని లేచి ఒకసారి, సాయంత్రం బయలుదేరే ముందు ఒకసారి అతడే చల్లుకుంటాడు.