బార్-ఎండ్ షిఫ్టర్లే కావాలంటే ఆ ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విశాఖపట్నంలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం. నెలకు చేతికి రూ.72,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు రూ.46,000, సిప్ రూ.10,000. బ్యాంకులో రూ.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. ఇంకో 14 నెలలకు వచ్చే ఆగస్టులో మనాలి నుంచి లేహ్ దాకా సామాను కట్టుకుని సైకిల్ మీద వెళ్లాలని కోరిక. స్నేహితుడి సైకిల్ తొక్కాక నాకు బార్-ఎండ్ షిఫ్టర్లే (హ్యాండిల్ చివర ఉండే గేరు మీటలు) నచ్చాయి. మూడు సైకిళ్లు చూశాను. ఒకటి, ఆ షిఫ్టర్లతోనే వచ్చే ఇంపోర్టెడ్ టూరింగ్ సైకిల్. ధర రూ.1,35,000, 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. రెండోది హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, తిన్నటి ఫ్లాట్ హ్యాండిల్ ఉన్న రూ.58,000 హైబ్రిడ్. దానికి కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్, షిఫ్టర్లు వేయించడానికి రూ.27,000 అవుతుందట, కొటేషన్ పంపుతున్నాను. మూడోది బ్రేకు, గేరు కలిసిన ఎస్‌టీఐ లీవర్లతో వచ్చే 9 స్పీడ్ (వెనక తొమ్మిది గేర్లు) టూరింగ్ సైకిల్, రూ.1,05,000. షిఫ్టర్లు మార్చడానికి మరో రూ.17,000. ఏది కొనమంటారు? ఎఫ్‌డీ తీయనా, ఈఎంఐ పెట్టుకోనా?

జవాబు: మూడోది కొనండి. ఎఫ్‌డీ తీయొద్దు, ఈఎంఐ కూడా వద్దు. తొమ్మిది నెలలు కూడబెట్టి, మొత్తం ఒకేసారి కట్టి కొనండి.

ముందు షిఫ్టర్ల సంగతి చూద్దాం. ఇంట్లో వాళ్లు "గేర్లు మార్చే మీటకు అంత పట్టుదల ఎందుకు" అని అడిగి ఉంటారు. నా దృష్టిలో మీ పట్టుదలలో అర్థముంది. ఎస్‌టీఐలో బ్రేకు, గేరు ఒకే లీవర్‌లో ఉంటాయి. చెయ్యి తీయకుండానే గేరు మారుతుంది. ఎక్కుడులో నిలబడి తొక్కేటప్పుడు కూడా మార్చుకోవచ్చు. రోజూ ఊళ్లో తిరగడానికి అంతకన్నా హాయి లేదు. కాకపోతే లోపల చిన్న చిన్న భాగాలు చాలా ఉంటాయి. గేర్ కేబుల్ లీవర్ లోపల మలుపు తిరిగే చోట పోగులు పోగులుగా చిట్లిపోతుంటుంది. తెగిన ముక్క లోపల ఇరుక్కుంటే దారిలో తీయడం కష్టం. బార్-ఎండ్‌లో అంత యంత్రాంగం ఉండదు. డ్రాప్ హ్యాండిల్ చివర రెండు పుల్లలు, అంతే. షిమానో కంపెనీ 9, 10 స్పీడ్ బార్-ఎండ్ షిఫ్టర్లలో కుడివైపు దాన్ని ఇండెక్స్ (ఒక్కో క్లిక్కుకు ఒక్కో గేరు) నుంచి ఫ్రిక్షన్‌కు (క్లిక్కులు లేకుండా మీట ఎంత తిప్పితే అంత) తిప్పుకోవచ్చు. సైకిల్ పడిపోయి, చైన్‌ను గేర్ల మీదికి జరిపే వెనక డిరేలర్ కొద్దిగా వంగినా, ఫ్రిక్షన్‌లో పెట్టి చేత్తో సరిచూసుకుంటూ గేర్లు వేసుకుని తర్వాతి ఊరు చేరొచ్చు. మీరు వెళ్లే దారిలోని తంగ్లాంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన ఉంటుంది. ఆ దారిలో సైకిల్ షాపు కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. అందుకే మీ ఇష్టాన్ని విలాసం కింద రాయను, సైకిల్ ఖర్చులోనే రాస్తాను.

అలా రాసినప్పుడు రెండో దారి బయటికి కనిపించినంత చవక కాదని తెలుస్తుంది. మీరు పంపిన కొటేషన్‌లో హ్యాండిల్, బ్రేక్ లీవర్లు, షిఫ్టర్లు, కేబుళ్లు, టేపు, కూలి ఉన్నాయి. బ్రేకులు లేవు. ఆ హైబ్రిడ్‌కు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులని మీరే రాశారు. ఆ లీవర్లు డ్రాప్ హ్యాండిల్‌కు ఎక్కవు, కాబట్టి చక్రం దగ్గర డిస్కును పట్టే కాలిపర్లు కూడా మార్చాలి. మెకానికల్ డిస్కయినా తంటా తప్పదు. ఫ్లాట్ హ్యాండిల్ లీవరు లాగే కేబుల్ పొడవు వేరు, మామూలు డ్రాప్ లీవరు లాగేది వేరు. పొంతన లేకుండా వేస్తే ఘాట్ దిగేటప్పుడు బ్రేకు సరిగా పడదు. ఆ తర్వాత ఫ్రేమ్ ఉంది. ఫ్లాట్ హ్యాండిల్ కోసం చేసిన ఫ్రేమ్ పైగొట్టం సాధారణంగా పొడుగ్గా ఉంటుంది. దానికి డ్రాప్ హ్యాండిల్ వేస్తే చేతులు మరీ ముందుకు చాచాలి, నడుం పట్టేస్తుంది. హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే స్టెమ్ మార్చాలి, అది కూడా డబ్బే. ఇవన్నీ పెట్టాక చేతిలో మిగిలేది హైబ్రిడ్డే. రేపు అమ్మినా హైబ్రిడ్ ధరే పలుకుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అవుతుంది.

మూడోదానికి ఈ బెడద లేదు. హ్యాండిల్ ఎలాగూ డ్రాప్‌దే, ఫ్రేమ్ దానికోసం చేసిందే. ఎస్‌టీఐ లీవర్ల స్థానంలో మామూలు బ్రేక్ లీవర్లు, చివర్లలో షిఫ్టర్లు వస్తాయి. కేబుల్‌ను అంతే పొడవు లాగే లీవర్లు తీసుకుంటే బ్రేకులు అలాగే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: 9 స్పీడ్ సైకిల్‌కు 9 స్పీడ్ షిఫ్టర్లే కొనండి. "10 స్పీడ్‌ది లేటెస్టు, కొంచెం ఎక్కువ పెట్టండి" అని ఎవరైనా అంటే ఆగండి. షిమానోలో 9 స్పీడ్ దాకా రోడ్ షిఫ్టరు, మౌంటెన్ డిరేలరు కలిసి పనిచేస్తాయి. 10 స్పీడ్ నుంచి మౌంటెన్ డిరేలర్లకు కేబుల్ లాగుడు లెక్క మారింది. రోడ్ సైకిళ్లలోనే షిమానో టియాగ్రా 4700 గేర్ సెట్ కూడా 10 స్పీడే, కానీ పాత 10 స్పీడ్ షిఫ్టర్లతో గేర్లు సరిగా పడవు. అంకె ఒకటే కదా అని కొంటే డిరేలర్ కూడా కొనాల్సి వస్తుంది.

ఇక నో-కాస్ట్ ఈఎంఐ. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. వడ్డీని ధరలో కలుపుతారు, లేదా మీకు రావాల్సిన డిస్కౌంట్‌లో సర్దుతారు. రూ.1,35,000ను 12తో భాగిస్తే నెలకు రూ.11,250. కార్డు వడ్డీ 15 శాతం అనుకుంటే ఆ మొత్తం రూ.1,35,000లో సుమారు రూ.10,360 వడ్డీయే. దాని మీద 18 శాతం జీఎస్టీ సుమారు రూ.1,865 మీ స్టేట్‌మెంట్‌లో విడిగా వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు ఇంకా పైన. షాపుకు వెళ్లి "మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?" అని అడగండి. ఎంత తగ్గిస్తే అంతా మీ ఈఎంఐ వడ్డీ అన్నమాట.

ఎఫ్‌డీ నుంచి రూ.1,35,000 తీస్తే మిగిలేది రూ.65,000. మీ ఇంటికి నెలన్నర ఖర్చుకు కూడా చాలదు. చిన్న పాప ఉన్న ఇల్లు, ఒక్కరి జీతం. ఆ డబ్బు జోలికి వెళ్లకండి. నిజానికి ఆరు నెలల ఖర్చు అంటే రూ.2,76,000 ఉండాలి, మీకు ఇంకా రూ.76,000 తక్కువ. అది పూడ్చాకే సైకిల్ అని చెప్పడం నాకు తేలికే. కానీ నాలుగు నెలలకు పైగా సరిపడా డబ్బు ఇప్పటికే ఉంది. ఈ కోరిక కోసం మీరు సిప్ ఆపడం లేదు. అందుకని సైకిల్‌ను ముందు పెట్టి, ప్రయాణం నుంచి వచ్చాక ఆ లోటు పూడ్చుకోమంటాను.

ఖర్చులు, సిప్ పోను నెలకు రూ.16,000 మిగులుతోంది. ఈ నెలే రూ.12,000తో తొమ్మిది నెలల ఆర్‌డీ మొదలుపెట్టండి. రూ.1,08,000 అసలు, రెండు మూడు వేల వడ్డీ వస్తుంది. సైకిల్ ఇంటికొస్తుంది. ఇంకా ఐదు నెలలుంటాయి. మొదట ఎస్‌టీఐతోనే తొక్కండి, సామాను కట్టుకుని అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లి రండి. తర్వాతి రెండు నెలల పొదుపు షిఫ్టర్లకు, ఆ పై నెలలది బ్యాగులకు, రైలు టికెట్లకు. అదే రూ.1,35,000 సైకిల్ కోసం కూడబెడితే పన్నెండో నెల దాకా చేతికి రాదు. రెండు నెలల సాధనతో లేహ్ దారిలోని కనుమలు ఎక్కడం నాకు నచ్చలేదు. తీసేసిన ఎస్‌టీఐ లీవర్లు అమ్మితే ఎంతో కొంత వస్తుంది, కానీ దాన్ని ఇప్పుడే లెక్కలో వేసుకోవద్దు.

ప్రమాద బీమా మాట మీ ఉత్తరంలో లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి రూ.20, కవర్ రూ.2 లక్షలు. ఇప్పటికి లేకపోతే బ్యాంకులో ఈ వారమే చేయించండి. అది సరిపోదు, విడిగా పెద్ద పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. సైకిల్ యాత్ర, అంత ఎత్తు కవర్ అవుతాయా అని రాతపూర్వకంగా అడగండి.

డబ్బు కట్టే ముందు షాపులో కొన్ని చూసుకోండి. వెనక చక్రానికి 36 చువ్వలు ఉంటే మంచిది. ముందు, పెడళ్ల దగ్గరుండే చిన్న చైన్‌రింగ్ (పళ్లచక్రం) పళ్లకన్నా వెనక పెద్ద పళ్లచక్రం పళ్లు ఎక్కువుండాలి. 30కి 34 ఉంటే బరువుతో ఎక్కగలరు. క్యారియర్ బిగించడానికి ఫ్రేమ్‌కు రంధ్రాలుండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీకిచ్చిన కొటేషన్‌లో పాత రేటు ఉంటే మార్పించండి. బిల్లు మీద ఫ్రేమ్ నంబర్ రాయించుకోండి, దొంగతనం జరిగితే పోలీసులు మొదట అడిగేది అదే.