మోచేతి నొప్పికి మూడో ఇంజెక్షన్ వేయించే ముందు

మీ నాన్నగారికి 49 ఏళ్లు. వృత్తి కొబ్బరి వలుపు. కుడి మోచేయి బయటివైపు నాలుగు నెలలుగా నొప్పి. రెండు ఇంజెక్షన్లు వేయించినా తిరగబెట్టింది, షుగరు కూడా ఉంది. ఇప్పుడు మూడోది వేయించాలా, ఆపరేషన్‌కు వెళ్లాలా అని మీరు అడిగారు. నా అభిప్రాయం, ప్రస్తుతానికి రెండూ వద్దు. నేను వైద్యుణ్ణి కాను. అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల వ్యాపారం చేస్తాను. ఇదే నొప్పితో పదకొండు నెలలు బాధపడి బయటపడ్డాను కాబట్టి రాస్తున్నాను.

ఒక ఏడాది కార్తీకమాసం ముందు వలుపు కార్మికులు దొరకలేదు. కాయ పంపాల్సిన గడువు దగ్గర పడడంతో నేనే గునపం దగ్గర నిలబడ్డాను. మూడు వారాలు రోజుకు నాలుగైదు వందల కాయలు వలిచాను. నాలుగో వారంలో ఒక ఉదయం నీళ్ల చెంబు ఎత్తబోతే మోచేయి పక్కన సూది దిగినట్టయింది. తర్వాత తువ్వాలు పిండలేకపోయాను, తలుపు గడియ తిప్పలేకపోయాను. పెద్దవాళ్లు చెప్పారని నాటు కట్టు వేయించుకుని పదిహేను రోజులు చెయ్యి కదపలేదు. కట్టు విప్పాక నొప్పి అలాగే ఉంది, పైగా పిడికిలిలో పట్టు తగ్గింది. అప్పుడు ఒక వైద్యుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రోజుకల్లా నొప్పి పూర్తిగా పోయింది. రోగం నయమైందనుకుని మళ్లీ గునపం దగ్గరకు వెళ్లాను. ఏడో వారంలో నొప్పి మొదటికంటే గట్టిగా వచ్చింది. రెండో ఇంజెక్షన్ నాలుగు వారాలే పనిచేసింది. మీ నాన్నగారి కథ కూడా ఇంచుమించు ఇలాగే నడిచి ఉంటుంది.

చివరికి రాజమహేంద్రవరంలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. ఆమె నా ఎక్స్‌రేలు పక్కన పెట్టి, ముందు ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీని ఎత్తమన్నారు. అరచెయ్యి కిందికి పెట్టి కుర్చీ వీపు పట్టుకుని లేపితే ప్రాణం పోయినట్టయింది. అరచెయ్యి పైకి తిప్పి అడుగు నుంచి లేపితే దాదాపు నొప్పే లేదు. తర్వాత మోచేయి చాచి, పిడికిలి బిగించి, మణికట్టును వెనక్కి లేపమని, తన చేత్తో కిందికి నొక్కారు. సరిగ్గా అదే చోట నొప్పి లేచింది. మోచేయి బయటి ఎముక బొడిపె మీద, దానికి కొంచెం ముందు వేలితో నొక్కినా అంతే. దీన్నే టెన్నిస్ ఎల్బో అంటారు. టెన్నిస్ రాకెట్ ముట్టని వాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది, అదీ 35 నుంచి 55 ఏళ్ల మధ్య.

వలుపు పనికీ దీనికీ ఉన్న సంబంధం ఆమె చెప్పాకే నాకు తెలిసింది. మణికట్టును వెనక్కి లేపే కండరాల్లో చాలావరకు ఆ బొడిపె దగ్గరే టెండాన్ అనే గట్టి నార ద్వారా ఎముకకు అతుక్కుని ఉంటాయి. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు మణికట్టు ముందుకు వాలిపోకుండా పట్టి ఉంచేవి అవే. కాయను రెండు చేతులా బిగించి పట్టి, గునపం మీద గుచ్చి, మెలితిప్పుతాం కదా. ప్రతి కాయకూ ఆ లాగుడు పడుతుంది. టెండాన్‌ను కొబ్బరి పీచుతో పేనిన తాడు అనుకోండి. ఎక్కువ రోజులు లాగితే పురులు సడలి పీచు చెదిరిపోతుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు వాపు కణాలు పెద్దగా కనిపించవు. కనిపించేది చెదిరిన పీచే. వాపును అణచే స్టెరాయిడ్ నొప్పిని తగ్గిస్తుంది గానీ, పురి మళ్లీ బిగించలేదు. ఆస్ట్రేలియాలో 165 మంది మీద జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. స్టెరాయిడ్ తీసుకున్నవారిలో ఏడాదిలోపు 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 12 శాతం మందికే తిరగబెట్టింది. షుగరు ఉన్నవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది.

అయితే మోచేతి నొప్పులన్నీ ఇదే కావు. మా ఇంట్లోనే మూడు రకాలు చూశాను. నా భార్య నరసాపురం అమ్మాయి, చిన్నప్పటి నుంచి లేసు అల్లుతుంది. ఆమె మోచేయి లోపలివైపు లాగేది, రాత్రి చిటికెన వేలూ ఉంగరపు వేలిలో సగమూ తిమ్మిరెక్కేవి. మోచేయి దేనికైనా తగిలితే జిల్లుమంటుందే, ఆ నరం నలగడం వల్ల వచ్చింది అది. గంటల తరబడి చెయ్యి ముడిచి అల్లడం, ముడిచిన చేత్తోనే ఫోను మాట్లాడడం, చెయ్యి ముడుచుకుని పడుకోవడం దానికి కారణాలు. రాత్రిపూట మోచేతి చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టుకుని పడుకుంటే చెయ్యి పూర్తిగా ముడుచుకోదు. రెండు నెలల్లో తిమ్మిరి తగ్గింది. కానీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్చబడినా, వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా ఒక్క వారం కూడా ఆగకూడదు. అప్పుడు నరాల పరీక్ష చేయించాలి.

మా బావమరిది భీమవరంలో రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాడు. రోజంతా బల్లకు మోచేయి ఆనించి కూర్చోవడంతో మోచేయి కొనపైన కోడిగుడ్డంత మెత్తటి వాపు వచ్చింది. ఆనించడం మానేస్తే అదే తగ్గింది. అదే వాపు ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం కూడా వస్తే చీము పట్టిందని అర్థం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక మా నాన్నగారి నొప్పి మోచేతిలో ఉన్నట్టే ఉండేది గానీ మెడ తిప్పినప్పుడల్లా మారేది. మూలం మెడ నరంలో ఉంది. మోచేతికి ఎంత మందు రాసినా అది తగ్గేది కాదు.

మీ నాన్నగారిది నాలాంటిదే అని తేలితే ఇలా చేయించండి. ముంజేయి బల్ల మీద, అరచెయ్యి కిందికి, మణికట్టు అంచు బయట ఉండాలి. మొదటి రెండు వారాలు రెండో చేత్తో పై నుంచి అదిమి, మణికట్టు కదలకుండా పైకి నెట్టాలి. 30 నుంచి 45 సెకన్ల పాటు, ఐదుసార్లు, రోజుకు రెండు పూటలా. ఆ తర్వాత అర లీటరు నీళ్ల సీసా పట్టుకోవాలి. మణికట్టును రెండో చేత్తో పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో మూడు నాలుగు సెకన్లలో నెమ్మదిగా కిందికి దించాలి. పదిహేనుసార్లు చొప్పున మూడు విడతలు, రోజూ. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు ఉదయానికి తగ్గకపోతే మాత్రం బరువు తగ్గించాలి. సుఖంగా ఉందనిపించాక లీటరు సీసాకు మారాలి. నాకు ఆరో వారం దాకా తేడా తెలియలేదు. విసుగొచ్చి మానేద్దామనుకున్న రోజులు చాలా ఉన్నాయి. పన్నెండో వారానికి చెంబు ఎత్తగలిగాను.

మోచేతి పట్టీ కొంటే మోచేతి మీద కట్టకూడదు. మడతకు రెండు మూడు వేళ్లు కింద, ముంజేయి కండ మీద కట్టాలి. పనిచేసేటప్పుడే వాడి, పడుకునేటప్పుడు తీసేయాలి. నొప్పి మాత్రలు షుగరు ఉన్నవారు సొంతంగా రోజుల తరబడి మింగకూడదు, కిడ్నీలకు మంచిది కాదు. పైపూత జెల్ కొంత ఉపశమనం ఇస్తుంది. నూనె రాసి ఆ బొడిపె మీద గట్టిగా మర్దన చేయడం నాకు చెడే చేసింది.

అసలు కష్టం కూలి మానుకోలేకపోవడం, అది నాకు తెలుసు. పూర్తిగా మానక్కరలేదు. రెండు నెలలు వలుపు వదిలి, కాయలు లెక్కపెట్టడం, పోగు వేయడం లాంటి పని ఇమ్మని యజమానిని అడగండి. మా దగ్గర నేను అలాగే ఇస్తున్నాను. తిరిగి మొదలుపెట్టినప్పుడు మొదటి వారం వంద కాయలతో ఆపి, వారం వారం పెంచాలి. బస్తా అయినా, బిందె అయినా అరచెయ్యి పైకి పెట్టి, ఒంటికి దగ్గరగా ఎత్తాలి.

ఆపరేషన్ గురించి అడిగినవారంతా సచిన్ టెండూల్కర్ పేరు చెబుతారు. నిజమే, ఆయనకు 2004లో ఈ నొప్పి వచ్చి, 2005లో లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. కానీ చాలామందికి ఏడాది లోపు ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. ఆరు నుంచి పన్నెండు నెలలు వ్యాయామం సరిగ్గా చేసినా తగ్గనప్పుడే దాని గురించి ఆలోచిస్తారు.

కింద పడ్డాక మోచేయి పూర్తిగా చాపలేకపోతే ఎక్స్‌రే తప్పదు. బరువెత్తుతుండగా మోచేయి ముందు భాగంలో టప్‌మని శబ్దం వచ్చి కమిలిపోతే కొద్ది రోజుల్లోనే ఎముకల వైద్యుణ్ణి కలవాలి. చేతి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది మోచేతి సమస్య కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ రాత్రి నాన్నగారిచేత కుర్చీని రెండు రకాలుగానూ ఎత్తించి చూడండి. ఏ వైపు నొప్పి పుట్టిందో, చిటికెన వేలు తిమ్మిరి ఉందో లేదో, మెడ తిప్పితే మారుతోందో రాసుకుని వైద్యుడికి చూపించండి. అవే ఇక్కడా రాస్తే, నాకు తెలిసినంతవరకు చెబుతాను.