దుబాయ్‌లో నవ్వు ఎక్కడ దొరుకుతుందక్కా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం వీసాలు, జీతాలు, స్కూల్ ఫీజుల గురించే. వాటికి వచ్చే నెల జవాబిస్తాను. ఈసారి వేరే రకం ప్రశ్నలు తీసుకున్నాను. ఇలాంటివి అడగడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ పరాయి దేశంలో రోజు గడవాలంటే జీతం ఎంత ముఖ్యమో ఇవీ అంతే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక మా ఆయనతో షార్జా వచ్చాను. ఆయన ఆఫీసు దుబాయ్‌లో. పొద్దున ఆరింటికి వెళితే ట్రాఫిక్ దాటుకుని ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. సెలవు రోజుల్లో బుర్జ్ ఖలీఫా, మాల్స్ అన్నీ తిప్పారు. ఫోటోలు చూసి ఊళ్ళో అందరూ అదృష్టవంతురాలివి అంటున్నారు. నాకేమో లోపల ఏమీ అనిపించడం లేదు. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉన్నవాళ్ళకి దేన్ని చూస్తే నవ్వొస్తుంది?
— పేరు వద్దన్నారు, షార్జా

జవాబు: చెల్లీ, ఏమీ అనిపించడం లేదని కంగారు పడకు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. మొదటిసారి మెడ నొప్పెట్టేదాకా చూస్తాం, రెండోసారి ఫోటో కోసం చూస్తాం, ఆ తర్వాత అది దారిలో కనిపించే ఒక బిల్డింగ్, అంతే. అది మనల్ని గుర్తుపట్టదు కదా. పరాయి ఊళ్ళో నవ్వొచ్చేది ఎవరైనా మనల్ని గుర్తుపట్టినప్పుడే. ఇక్కడ ఎన్నో ఇళ్ళలో చూసి చెబుతున్న మాట ఇది.

మీ బిల్డింగ్ కిందో, పక్క బిల్డింగ్ కిందో ఒక గ్రోసరీ ఉండే ఉంటుంది. ఇలాంటివి ఎక్కువగా కేరళవాళ్ళు నడుపుతారు. ఫోన్ చేస్తే కొత్తిమీర కట్ట ఒక్కటైనా సరే పైకి తెచ్చిస్తారు, తెలిసినవాళ్ళకి నెల ఖాతా కూడా పెడతారు. మొదట్లో బిల్డింగ్ పేరు చెప్పాలి, ఫ్లాట్ నంబర్ చెప్పాలి, పెరుగు డబ్బా చిన్నదా పెద్దదా అన్నది రెండుసార్లు చెప్పాలి. కొన్నాళ్ళు పోయాక ఒకరోజు నువ్వు హలో అనడమే ఆలస్యం, అవతల కుర్రాడు నీ ఫ్లాట్ నంబర్ తనే చెప్పేసి, దహీ పెద్దదే కదా, కరివేపాకు ఇప్పుడే దిగింది, పెట్టమంటారా అని వచ్చీరాని హిందీలో అడుగుతాడు. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు నవ్వుకుంటూనే ఉంటావు. ఏముంది అందులో, పావు దిర్హమ్ కూడా మిగల్లేదు. కానీ ఈ ఊళ్ళో ఒక మనిషికి నీ ఇంట్లో ఏం వండుతారో తెలుసు.

అందుకే నేను చెప్పేది ఒకటే. కొన్నాళ్ళపాటు యాప్‌లో సరుకులు తెప్పించడం ఆపెయ్. కిందికి దిగు, అదే షాపుకి, వీలైతే రోజూ అదే టైముకి వెళ్ళు. లిఫ్ట్‌లో కనిపించే ఫిలిప్పీన్స్ అమ్మాయికో, మూడో అంతస్తు సిరియా పెద్దావిడకో నువ్వే ముందు నమస్కారం పెట్టు, భాష రాకపోయినా పరవాలేదు. ఆ పెద్దావిడ పండక్కి ప్లేటు నిండా స్వీట్లు పంపిస్తే ఖాళీ ప్లేటు తిరిగివ్వకూడదని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, నువ్వు సున్నుండలు పెట్టి పంపిస్తావు, ఇక అక్కణ్ణుంచి రాకపోకలు మొదలు.

ఇంకో సంగతి. దుబాయ్, షార్జాలలో రోడ్ల పక్కన వేపచెట్లు చాలా ఉంటాయి, ఎండకి తట్టుకుంటాయని నాటినవి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి పూతకొస్తాయి. ఉగాది ముందురోజు సాయంత్రం అలాంటి ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి చూడు. కింద పాత చీరో, తువ్వాలో పరిచి, పైనుంచి రాలే పువ్వుని ఏరుకుంటూ, దుమ్ము ఊదుకుంటూ ఒకావిడ కూర్చుని ఉంటుంది. "మీరు తెలుగువాళ్ళా" అని అడగాల్సిన పనే ఉండదు. ఆ పూట ఆ చెట్టు కింద కూర్చుని వేపపువ్వు ఏరుతున్నారంటే మనవాళ్ళో, మన పక్క కన్నడంవాళ్ళో అయి ఉంటారు. బెల్లం ఎక్కడ కొన్నారు, మామిడికాయ పుల్లగా ఉందా అని మాట కలుస్తుంది. కొమ్మలు మాత్రం విరవకండి, అవి మున్సిపాలిటీ చెట్లు, జరిమానా పడుతుంది. పచ్చడికి ఎంత కావాలి, చిటికెడేగా.

వాన సంగతీ చెప్పాలి. గోదావరి జిల్లా పిల్లవి, వానంటే నీకు బురద, కరెంటు పోవడం గుర్తొస్తాయేమో. ఇక్కడ ఏడాది మొత్తం కలిపినా సగటున 100 మిల్లీమీటర్లు పడదు. శీతాకాలంలో ఎప్పుడో ఒక పొద్దున నాలుగు చినుకులు రాలితే ఆఫీసుల్లో జనం కిటికీల దగ్గరికి పరిగెడతారు, బాల్కనీలన్నీ నిండిపోతాయి, పక్క బాల్కనీలో ఇన్నాళ్ళూ తలెత్తి చూడని పెద్దమనిషి కూడా మనవైపు తిరిగి చెయ్యి ఊపుతాడు. 2024 ఏప్రిల్ 16న పడిన వాన వేరు. రికార్డులు మొదలైన 1949 నుంచి అంత వాన ఎప్పుడూ పడలేదు, మనుషులు చనిపోయారు, కార్లు మునిగాయి. అప్పటి నుంచి మబ్బు పడితే కొందరికి కొంచెం టెన్షన్ కూడా. అయినా తొలి చినుకుకి నవ్వు ఆగదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకోటుంది. దుబాయ్‌లో డేరా అనే పేట పాత బజారు వైపు వెళ్ళినప్పుడు తెల్లటి కందూరా, అంటే అరబ్బుల పొడుగు అంగీ వేసుకున్న ముసలాయన ఎవరైనా కనిపిస్తే ఒక్క మాట మాట్లాడించు. పాతతరం అరబ్బుల్లో చాలామందికి హిందీ వచ్చు, ముంబయితో వ్యాపారం చేసిన కుటుంబాలు వాళ్ళవి. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే విడిగా రూపాయి నోట్లు ముద్రించింది, ఈ ప్రాంతంలో 1966 దాకా ఆ నోట్లే నడిచాయి. చిన్నప్పుడు మన రూపాయితో మిఠాయి కొనుక్కున్న మనిషి ఆయన. "ఏ ఊరమ్మా" అని అడిగి, హైదరాబాద్ పేరు చెప్పగానే తల ఊపుతాడు. ఇక్కడ మనం నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళం కాదనిపిస్తుంది, ఆ పూటంతా నడకే మారిపోతుంది.

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల జిల్లా. దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ పని, కూలీలుండే క్యాంపులో ఉంటాను. రూపాయి పడిపోయిందని వార్త వస్తే మా రూములో అందరి ముఖాలు వెలిగిపోతాయి. నాకూ సంతోషమే. మన దేశం డబ్బు విలువ తగ్గితే నవ్వడం తప్పు కదా అని ఒక అన్న అన్నాడు. అప్పటి నుంచి మనసులో పెట్టుకున్నాను.
— ఒక తమ్ముడు, దుబాయ్

జవాబు: తప్పేమీ లేదు తమ్ముడూ, మనసులోంచి తీసెయ్. దిర్హమ్‌ని 1997 నుంచి డాలర్‌కి 3.6725 చొప్పున కట్టేసి ఉంచారు. కాబట్టి డాలర్ పెరిగితే దిర్హమ్ కూడా రూపాయి మీద పెరుగుతుంది. అది నువ్వు చేసిందీ కాదు, కోరుకుంటే జరిగేదీ కాదు. దిర్హమ్‌కి 50 పైసలు ఎక్కువ పలికితే వెయ్యి దిర్హమ్‌లకి 500 రూపాయలు ఎక్కువ వెళ్తాయి. ఇంట్లో నాన్నకి బీపీ మాత్రలు, చెల్లికి బస్ పాస్, అదీ లెక్క. ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ ముందు లైన్లో నిలబడి బోర్డు మీద అంకె చూసి నవ్వేవాడు దేశం మీద నవ్వడం లేదు, ఇల్లు గుర్తొచ్చి నవ్వుతున్నాడు. ఒక్క మాట మాత్రం విను. రేటు బాగుందని అప్పుచేసి పంపేవాళ్ళున్నారు, క్రెడిట్ కార్డు మీద తీసి పంపేవాళ్ళున్నారు. ఆ వడ్డీ ముందు ఈ 500 నిలవదు. ఉన్నది పంపు, లేనిది పంపకు.

క్యాంపు జీవితం గురించి బయట రాసేవాళ్ళు కష్టాలే రాస్తారు, అవి నిజమే, రాయాల్సిందే. కానీ అక్కడి నవ్వులు రాయకపోతే మిమ్మల్ని సగమే చూపించినట్టు. జూన్ 15 వచ్చిందంటే సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. మొదటిరోజు పన్నెండున్నరకి హెల్మెట్ తీసి, అట్టముక్క పరుచుకుని, నీడలో వీపు ఆనించినప్పుడు ఎలా ఉంటుందో నీకే బాగా తెలుసు. వంట డ్యూటీ వంతు వచ్చినవాడు డ్యూటీ నుంచి వచ్చి అలసిపోయి కూడా పచ్చిపులుసు కలిపితే గిన్నె కడగాల్సిన పని లేకుండా ఖాళీ అవుతుంది.

ఇంటికి వెళ్ళేవాడి పెట్టె సర్దడం చూశావుగా? వెళ్ళేది ఒక్కడు, సర్దేది రూమంతా. పిల్లలకి చాక్లెట్లు, అమ్మకి నొప్పులకి రాసుకునే యాక్స్ ఆయిల్, పాలపొడి డబ్బా, ఎవరో పక్కూరివాడు ఇంటికి ఇచ్చిరమ్మన్న ఫోను. కొక్కెం త్రాసుకి పెట్టె తగిలించి ఇద్దరు పైకెత్తుతారు, ఒకడు వంగి ఫోన్ లైటు వేసి అంకె చదువుతాడు. 30 కిలోలకి టికెట్, 32 చూపిస్తోంది. పాలపొడి తీయాలా, చాక్లెట్లు తీయాలా అని పంచాయితీ. చివరికి జీన్స్ ప్యాంటు రెండూ ఒంటిమీద ఒకదాని మీద ఒకటి వేసుకుని వెళ్తానంటాడు వాడు, రూమంతా పడీ పడీ నవ్వు. మిగిలిన ఏడుగురికీ సెలవు లేదు, అయినా తామే వెళ్తున్నంత సంతోషం. ఇలాంటి మనుషుల మధ్య ఉన్నావు తమ్ముడూ, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఇది గొప్ప విషయం.

ప్రశ్న: వచ్చే నెల దుబాయ్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. ఒక్క దిర్హమ్‌తో ఏమైనా దొరుకుతుందా మేడమ్?
— విజయవాడ

జవాబు: దొరుకుతుంది. ఊరి మధ్యకి వచ్చిన సముద్రపు పాయ దుబాయ్ క్రీక్‌ని అబ్రా అనే చెక్క పడవలో దాటడానికి ఒక్క దిర్హమే. చిల్లర చేతిలో పెట్టుకుని సాయంత్రం పూట డేరా నుంచి అవతలి ఒడ్డున ఉన్న బర్ దుబాయ్‌కి వెళ్ళు. పక్కన కూర్చునేది డ్యూటీ దిగిన కూలీ కావచ్చు, కెమెరా వేసుకున్న టూరిస్టు కావచ్చు, అందరిదీ ఒకే బల్ల. దిగాక కరక్ చాయ్, అంటే పాలతో చిక్కగా మరిగించిన టీ తాగు. ఇది కూడా దిర్హమే ఉండేది, ఇప్పుడు చాలాచోట్ల కొంచెం పెరిగింది. రోజూ ఒకే కెఫెటీరియాకి వెళితే కొన్నాళ్ళకి నువ్వు రోడ్డు దాటుతుండగానే నీ చాయ్ పోసి పెడతారు. పై చెల్లికి చెప్పిందే నీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: అమ్మా, నా మనవరాలితో రాయిస్తున్నాను. నా కొడుకు అబుదాబిలో ఉంటాడు. రాత్రి వీడియో కాల్ చేస్తాడు. మేం ఏం మాట్లాడినా నవ్వుతాడు. వాళ్ళ నాన్న టీవీని తిట్టినా నవ్వే, బర్రె తాడు తెంపుకున్నదన్నా నవ్వే. లోపల బాధ దాచుకుని నవ్వుతున్నాడా అని నాకు గుబులు. సంక్రాంతికి మా ఊరివాళ్ళు అక్కడికి పోతున్నారు, ఏం పంపమంటావు?
— ఒక తల్లి, నిజామాబాద్ జిల్లా

జవాబు: పెద్దమ్మా, గుబులు పెట్టుకోకండి. బాధ ఏదైనా ఉంటే మీరు గొంతు విని పట్టేస్తారు, తల్లికి నేను చెప్పాలా. ఆ నవ్వు నిజమైన నవ్వే. అక్కడ అతనితో మాట్లాడేవాళ్ళంతా పని మాటలే మాట్లాడతారు. బర్రె తాడు తెంపుకున్న సంగతి చెప్పేది మీరొక్కరే. అక్కడి టైము మనకంటే గంటన్నర వెనక, అతను స్నానం చేసి కూర్చునేసరికి మీకు పది దాటుతుంది. ఫోన్ కోసమని మంచి చీర కట్టుకుని, అందరూ వరసగా కూర్చుని, బాగున్నావా తిన్నావా అని అడిగి ఆపేయకండి. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి మీ పని మీరు చేసుకోండి. పెద్దాయన టీవీని తిట్టనివ్వండి. సంక్రాంతి ముందు గుడ్డ పరిచి సకినాలు చుట్టేటప్పుడు ఒక పూట ఫోన్ ఆన్‌లోనే ఉంచండి. చుట్టు విరిగితే కోడలు మీద మీరు కసురుకునేది కూడా అతను వినాలి.

పంపాల్సింది కూడా ఆ సకినాలే. గట్టి డబ్బాలో, మధ్యలో కాగితాలు పెట్టి, కదలకుండా సర్దండి. విరిగినా తింటాడు కానీ రూములో పదిమందికి పెట్టేటప్పుడు మంచివి ఉంటే గర్వంగా ఉంటుంది, అందుకని కొంచెం ఎక్కువే పంపండి. పచ్చళ్ళయితే నూనె కారకుండా రెండు కవర్లలో మూతికట్టి పెట్టెలో వేయాలి, చేతిసంచిలో వద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, మనవరాలితో రెండుసార్లు చదివించుకోండి. గసగసాలు పంపొద్దు. మన వంటింట్లో అది మసాలా దినుసు, అక్కడ మత్తుపదార్థం కింద నిషేధం, దొరికితే కేసు అవుతుంది. విడిగానే కాదు, ఇంట్లో కొట్టిన మాంసం మసాలాలో కలిపినా వద్దు. ఇబ్బంది పడేది మీ అబ్బాయి కాదు, పెట్టె మోసుకెళ్ళే మీ ఊరివాళ్ళు. నిద్రమాత్రలు, గట్టి నొప్పిమాత్రలు లాంటివి కొన్ని తీసుకెళ్ళాలంటే ముందే అక్కడి అనుమతి కావాలి, కాబట్టి డాక్టర్ చీటీ లేని మందు ఏదీ పెట్టొద్దు. పెట్టెలో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, తీసుకెళ్ళేవాళ్ళ ముందే తెరిచి చూపించి, అప్పుడు మూయండి.