అంతర్జాతీయ పోటీల్లో రాజకీయ నిరసనకు చోటుండాలా?

ఆస్ట్రేలియా క్రికెటర్ ఉస్మాన్ ఖవాజా బూట్ల మీద రాసుకున్న మాటల్ని అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) అడ్డుకోవడం న్యాయమేనా, అసలు అంతర్జాతీయ పోటీల్లో రాజకీయ నిరసనకు చోటుండాలా అని అడిగారు. ఆటగాడు తన కెరీర్‌ను పణంగా పెట్టి చేసే నిరసనకు కచ్చితంగా చోటుండాలి. పక్కవాళ్ల ఆట ఆపేసి చేసేదానికి మాత్రం నేను అంత సులువుగా ఒప్పుకోను. ఈ తేడా నాకు హాస్టల్లో తెలిసొచ్చింది.

2009 డిసెంబరులో నేను ఉస్మానియాలో పీజీ చదువుతున్నాను, 400 మీటర్లు పరిగెత్తేదాన్ని. తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను ఊపేస్తున్న రోజులు. నేనూ ఆర్ట్స్ కాలేజీ ముందు బైఠాయించాను, రాస్తారోకోల్లో కూర్చున్నాను. అందుకు ఇప్పటికీ గర్వపడతాను. మా పక్క గదిలో పాలమూరు నుంచి వచ్చిన జూనియర్ ఉండేది. తనది 800 మీటర్లు. ఆ సీజన్ దాటితే జూనియర్ విభాగానికి వయసు మీరిపోతుంది. వాళ్లమ్మ పత్తి అమ్మిన డబ్బులు పంపిస్తే ఎల్బీ స్టేడియం దగ్గర స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) కొనుక్కుంది. రోజూ రాత్రి ఒక్కో మేకూ విప్పి, పాత టూత్‌బ్రష్‌తో మట్టి తీసి, కొబ్బరినూనె చుక్క రాసి మళ్లీ బిగించేది. బంద్‌ల వల్ల తను పరిగెత్తాల్సిన మీట్ ఒకసారి వాయిదా పడింది. మళ్లీ పడింది. చివరికి రద్దన్నారు. ఆ రోజు స్పైక్స్‌ను పేపర్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. "అక్కా, తెలంగాణ నాక్కూడా కావాలె. గని నా మీట్ మళ్ల ఎవరిస్తరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

2010లో ఉప్పల్‌లో జరగాల్సిన ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా ఉద్యమం వేడికి నాగ్‌పూర్, కటక్ తరలిపోయాయి. వాళ్లకు వేరే ఊరు దొరికింది. మా పిల్లకు దొరకలేదు.

పెద్దవాళ్ల గొడవకు ఆటగాళ్లు తిట్లు తిన్న కథ మన ఊరికి బాగా దగ్గరిది ఇంకోటుంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌కు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ దాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ అక్కడి జనం కోపం మైదానంలో ఉన్న మనవాళ్ల మీదికి మళ్లింది. స్టేడియమంతా గేలి చేస్తుంటే, మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ తయారు చేసిన ఫుట్‌బాల్ జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆ జట్టులోనే ఉన్నారు. రహీం సాబ్ మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. ఆయన చివరి గెలుపు అంత ద్వేషం మధ్య జరగాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్రభుత్వాల బహిష్కరణలైతే మరీ అన్యాయం. సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లాయని 1980 మాస్కో ఒలింపిక్స్‌కు అమెరికా రాలేదు, ఎన్నో దేశాల్ని వెళ్లొద్దని ఒత్తిడి చేసింది. 1984లో సోవియట్లు లాస్ ఏంజిలెస్‌కు వెళ్లకుండా బదులు తీర్చుకున్నారు. సేనలు అఫ్గానిస్తాన్ వదిలింది 1989లో. ఈలోగా ఎంతమంది స్పైక్స్ ట్రంకుపెట్టెల్లోకి వెళ్లాయో!

అలాగని అన్ని బహిష్కరణలనూ ఒకే గాటన కట్టలేను. 1974లో మన డేవిస్ కప్ టెన్నిస్ జట్టు ఫైనల్‌కు చేరింది. ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష పాటించే దేశంతో ఆడేది లేదని మన ప్రభుత్వం తప్పుకుంది, కప్పు ఆడకుండానే వాళ్లకు పోయింది. ఆ జట్టులోని అమృత్‌రాజ్ అన్నదమ్ములకు అదెంత పెద్ద నష్టమో ఊహించగలను. అయినా అది సరైనదే అంటాను. చర్మం రంగు చూసి ఎవరు ఎవరితో ఆడాలో నిర్ణయించిన ప్రభుత్వం దక్షిణాఫ్రికాది. అక్కడ అన్యాయం ఆటలోనే ఉంది.

నా మనసులో నిలిచిపోయిన నిరసన మాత్రం 2003 ఫిబ్రవరి 10న హరారేలో జరిగింది. క్రికెట్ ప్రపంచకప్‌లో నమీబియాతో మ్యాచ్. జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా చేతులకు నల్ల పట్టీలు కట్టుకుని దిగారు. తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోతోందని, దానికి సంతాపంగా కట్టుకున్నామని ప్రకటన ఇచ్చారు. అధ్యక్షుడు ముగాబే పాలనలో, సొంత గడ్డ మీద! ఒలోంగా జింబాబ్వేకు ఆడిన మొదటి నల్లజాతి క్రికెటర్. ఆ టోర్నీ తర్వాత ఇద్దరూ మళ్లీ దేశానికి ఆడలేదు. ఒలోంగా ప్రాణభయంతో ఇల్లూ ఊరూ వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఇంత జరిగినా, నమీబియా కుర్రాళ్లకు ఆడాల్సిన మ్యాచ్ ఆడే అవకాశం పోలేదు. మూల్యమంతా వాళ్లిద్దరే కట్టారు.

ఆటల్లోకి రాజకీయాలు తేవద్దనేవాళ్లు జెండాలను, జాతీయగీతాలను, గ్యాలరీలో ముందు వరుసలో కూర్చునే మంత్రులను ఏమనుకుంటారో నాకు అర్థం కాదు. ఆటగాడు నోరు విప్పితేనే అది రాజకీయం అవుతుందా?

ఇక ఖవాజా సంగతి. 2023 డిసెంబరు, పెర్త్ టెస్టు, అవతల పాకిస్తాన్ జట్టు. అందరి ప్రాణాలూ సమానమేనని, స్వేచ్ఛ మనిషి హక్కని బూట్ల మీద రాసుకున్నాడు. ఐసీసీ ఒప్పుకోలేదు. ఆ అక్షరాల మీద టేపు అంటించుకుని, చేతికి నల్ల పట్టీ కట్టుకుని బ్యాటింగ్‌కు వచ్చాడు. ఆ పట్టీకీ మందలింపు తప్పలేదు. ఒక్క బంతి ఆగలేదు, ఎవరి అవకాశమూ పోలేదు. నన్నడిగితే ఆ టేపు తీసేయమనేదాన్ని.