తొలినాళ్ల స్టాక్ కార్ రేసుల్లో నిజంగా మామూలు కార్లే నడిపేవారా?

స్టాక్ కార్ అంటే షోరూమ్‌లో అమ్మే మామూలు కారు అని అర్థం. మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి: షోరూమ్ కార్లతోనే పందేలు జరిగేవా, ఆ ఖర్చు సామాన్యులు ఎలా పెట్టుకున్నారు, వాళ్లంతా దొంగసారా రవాణా చేసేవాళ్లేనా. నేను నార్త్ కరోలినాలో రాలే దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను. మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన కుర్రతనంలో చుట్టుపక్కల మట్టి ట్రాకుల మీద రేసులు ఆడారు. ఈ పిచ్చి నాకు అంటించింది ఆయనే. ఆయన దగ్గర విన్నదీ తర్వాత నేను చదివి, తిరిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

మొదట్లో ట్రాకు మీద ఎక్కువగా తిరిగినవి కొత్త కార్లు కావు, పాత ఫోర్డ్‌లు. ఫోర్డ్ కంపెనీ 1932లో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌ను సామాన్యుడికి అందే ధరలో తెచ్చింది. కొన్నేళ్లకు అవే కార్లు తుక్కు యార్డుల్లో చవగ్గా దొరకసాగాయి. ఒక బండి భాగాలు ఇంకో బండికి సరిపోయేవి. పెద్దాయన మాటల్లో ఎప్పుడూ డబ్బు ప్రస్తావన వచ్చేది కాదు. ఇంటి వెనక షెడ్డు, వెల్డింగ్ తెలిసిన బావమరిది, శనివారం ఖాళీ, ఇవే. పొలం పనులు, బట్టల మిల్లు పనులు చేసుకునేవాళ్లు వారమంతా బండి బాగుచేసుకుని వారాంతంలో ట్రాకుకు వచ్చేవారు.

కొత్త కార్లు లేకపోవడానికి ఇంకో కారణం యుద్ధం. 1942 నుంచి 1945 దాకా అమెరికాలో జనానికి కార్ల తయారీ ఆగిపోయింది. తర్వాత కూడా కొత్త బండి కోసం పేరు రాయించుకుని ఎదురుచూడాలి. అలాంటి బండిని తీసుకెళ్లి ఎవరైనా గోడకు గుద్దుతారా? రేసుల నిర్వాహకుడు బిల్ ఫ్రాన్స్ 1947 డిసెంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఈ రేసులవాళ్లను సమావేశపరిచాడు. స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్ అక్కడే పుట్టింది. 1948లో వాళ్లు నడిపింది మార్పులు చేసిన పాత కార్లనే. ఆ ఫిబ్రవరిలో డేటోనా ఇసుకలో తొలి రేసు గెలిచిన రెడ్ బైరన్, యుద్ధంలో కాలు దెబ్బతిన్న సైనికుడు. క్లచ్ పెడల్‌కు ప్రత్యేకంగా ఒక ఏర్పాటు బిగించుకుని నడిపేవాడు.

అచ్చంగా షోరూమ్ కార్ల పందెం 1949 జూన్ 19న షార్లెట్‌లో, ముప్పావు మైలు మట్టి ట్రాకు మీద జరిగింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన రేసు ఇదే. లీ పెట్టీ అనే డ్రైవర్ అరువు తెచ్చిన బ్యూక్‌తో దిగి, రేసు మధ్యలో దాన్ని పల్టీ కొట్టించాడు. సారా క్రిస్టియన్ అనే మహిళ కూడా పోటీ చేసింది. ముందుగా గీత దాటింది గ్లెన్ డనవే. కానీ తనిఖీలో అతని ఫోర్డ్ వెనక స్ప్రింగులు మార్చినట్టు తేలింది. దొంగసారా మోసే బళ్లకు అది మామూలే. డిక్కీ నిండా సరుకు ఉన్నా వెనక భాగం కుంగకూడదు, కుంగితే పోలీసులకు అనుమానం వస్తుంది. ఆ బిగువు స్ప్రింగే మలుపులో బండి ఒరిగిపోకుండా కాస్తుంది. డనవేను తప్పించి, కాన్సాస్ నుంచి లింకన్ కారులో వచ్చిన జిమ్ రోపర్‌కు 2,000 డాలర్ల బహుమతి ఇచ్చారు. ఫోర్డ్ యజమాని కోర్టుకెక్కాడు. జడ్జి కేసు కొట్టేశాడు. నాస్కార్ రాసిన నిబంధనలకు విలువ వచ్చింది ఆ తీర్పుతోనే అని నా అభిప్రాయం.

దొంగసారా సంగతి అబద్ధం కాదు. జూనియర్ జాన్సన్ అనే డ్రైవర్ 1956లో తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి జైలుకెళ్లాడు, 1960లో డేటోనా 500 అనే పెద్ద రేసు గెలిచాడు. కానీ అందరూ ఆ బాపతే అంటే మాత్రం నేను ఒప్పుకోను. సినిమా కథలా ఉంటుంది కాబట్టి అదొక్కటే నిలిచిపోయింది, మెకానిక్కులూ మిల్లు కార్మికులూ మరుగున పడ్డారు. నిజానికి ఆ రోజుల్లో డ్రైవర్లను బాగా ఏడిపించింది నిర్వాహకులు. టికెట్ల డబ్బు పట్టుకుని రేసు అయ్యేలోపే కొందరు ఉడాయించేవారు. నాస్కార్ మొదట్లో డ్రైవర్లకిచ్చిన ముఖ్యమైన భరోసా, చెప్పిన బహుమతి చేతికొస్తుందని.

సామాన్యుల ఆట అన్నాం కదా అని తలుపులు అందరికీ తెరిచి ఉన్నాయనుకోకండి. వర్జీనియాలోని డాన్‌విల్‌కు చెందిన నల్లజాతి మెకానిక్, డ్రైవర్ వెండెల్ స్కాట్ 1963 డిసెంబరులో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో రేసు గెలిస్తే, విజేతగా ముందు బక్ బేకర్ అనే మరో డ్రైవర్ పేరు ప్రకటించి ట్రోఫీ అతనికి ఇచ్చారు. స్కాటే గెలిచాడని ఒప్పుకునేసరికి జనం వెళ్లిపోయారు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

మీరు ఇటువైపు వస్తే రెండు చోట్లు చూడండి. హిల్స్‌బరోలోని ఆకనీచీ ట్రాకు 1949 సీజన్లో రేసులు జరిగిన చోటు, 1968లో మూతపడింది. ఇప్పుడది నడకదారి. మలుపుల ఆకారం చెట్ల మధ్య ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. విన్‌స్టన్-సేలంలోని బోమన్ గ్రే స్టేడియంలో అయితే పావు మైలు ట్రాకు మీద వేసవి శనివారం రాత్రుళ్లు ఇప్పటికీ స్థానికులు పోటీ పడతారు. పిల్లలతో వెళ్తే చెవులకు రక్షణ తప్పనిసరి. పెందలాడే వెళ్లి మలుపు దగ్గర, కాస్త పైవరసలో కూర్చోండి.